కొయ్యకాలి కుమ్మరి

కుండ లేవాలంటే సారె తిరగాలి. సారె తిరగాలంటే కాలు ఆడాలి. ఆ కాలే మొరాయిస్తే కుమ్మరి బతుకు ఏం కావాలి? రెండున్నర శతాబ్దాలకు పైగా కిందట ఇంగ్లండులో ఓ కుర్రాడికి ఎదురైన ప్రశ్న ఇది. దానికి అతడు చెప్పిన జవాబు ఇప్పటికీ ఎన్నో ఇళ్ల అద్దాల అల్మరాల్లో మెరుస్తూనే ఉంది. ఆ జవాబు పేరు... వెడ్జ్‌వుడ్!

1768 మే 28. ఇంగ్లండు మధ్యభాగంలో, స్టాఫర్డ్‌షైర్ ప్రాంతంలోని బర్స్‌లెమ్ అనే ఊరు. ఓ కుండల కార్ఖానాలో గుమాస్తా పీటర్ స్విఫ్ట్ లండన్‌లోని తమ గోదాముకు ఉత్తరం రాస్తున్నాడు. మీరు రాసింది అందింది గానీ దానికి ఇప్పుడు జవాబు ఇవ్వలేనన్నాడు. యజమానికి ఈరోజే కాలు తీసేశారని, అంత పెద్ద కోత తర్వాత మనిషి ఎంత బాగుండగలడో అంత బాగానే ఉన్నారని రాశాడు. ఆ వెంటనే ఫలానా వారి సరుకు కట్టేశాం, గోదాముకు ఒక పెట్టె పంపుతున్నాం అంటూ లెక్కల్లోకి వెళ్లిపోయాడు.

కాలు పోయిన కబురూ, కంచాలు బయల్దేరిన కబురూ ఒకే కాగితం మీద! ఆ యజమాని సంగతి తెలిసినవాళ్లకు అందులో వింతేమీ లేదు. ఆయన పేరు జోసయా వెడ్జ్‌వుడ్. పింగాణీ చరిత్రలో అంతటి పేరున్న పనివాడు మరొకరు కనిపించడం కష్టం. అయితే, కుమ్మరి ఇంట పుట్టి, కుమ్మరి పనే నేర్చుకున్న ఆయన, మామూలు కుమ్మరిలా సారె ముందు కూర్చుని బతకలేకపోయాడు.

మోకాట్లో మిగిలిపోయిన మశూచి

జోసయా 1730లో పుట్టాడు. పెద్ద సంసారంలో ఆఖరివాడు. తండ్రి, తాత, ముత్తాత... అందరిదీ మట్టి పనే. ఆ ఊరు ఊరంతా అదే పని. ఇళ్ల పక్కనే బట్టీలు, మట్టి తవ్విన గోతులు, ఆకాశంలో ఎప్పుడూ పొగ. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. పిల్లలకు తలా ఇరవై పౌండ్లు ఇవ్వాలని వీలునామాలో రాశాడు గానీ, చేతిలో డబ్బు ఉంటేగా! బడి మానేసిన పిల్లాడు అన్న థామస్ నడుపుతున్న కార్ఖానాలో పనికి కుదిరాడు.

చెయ్యి చురుకైంది. సారె మీద మట్టి లేపడంలో మంచి పనివాడు అవుతాడనుకున్నారు. అంతలో ఊళ్లోకి మశూచి వచ్చింది. పదకొండో పన్నెండో ఏళ్ల జోసయా చావు అంచుదాకా వెళ్లి బతికి బయటపడ్డాడు. జబ్బు పోయింది గానీ, పోతూపోతూ కుడి మోకాలిని పాడుచేసి పోయింది. చాన్నాళ్లు కర్రల సాయంతో నడవాల్సి వచ్చింది. ఆ కాలు మళ్లీ ఎప్పుడూ పూర్తిగా బాగుపడలేదు.

మోకాలు నొప్పికీ కుండకీ సంబంధం ఏమిటని అనిపించవచ్చు. మన ఊళ్లలో కుమ్మరి కర్రతో సారెను గిర్రున తిప్పి వదులుతాడు. ఆ వేగం ఉన్నంతసేపూ రెండు చేతులతో మట్టిని లేపుతాడు. జోసయా నేర్చుకున్న పద్ధతి వేరు. బల్ల మీద కూర్చుని కింద కాలితో ఆడిస్తుంటే పైన చక్రం తిరిగేది. రోజంతా ఆ కాలు ఆడుతూనే ఉండాలి. 1744లో జోసయాను అన్న దగ్గర అయిదేళ్ల ఒప్పందం మీద పనిలో పెట్టారు. సారె పనీ, పాత్రలకు పిడులు పెట్టే పనీ నేర్పాలన్నది షరతు. కాలు మాత్రం ఆ షరతుకు ఒప్పుకోలేదు. గంటల తరబడి చక్రం ఆడించడం అతడి వల్ల కాలేదు.

సారె వదిలి మట్టి పట్టాడు

అక్కడితో పని మానేస్తే కథ ముగిసేది. జోసయా మానలేదు. సారె దగ్గర కూర్చోలేనివాడు కార్ఖానాలో ఇంకేం చేయగలడో వెతుక్కున్నాడు. అచ్చులు చేయడానికి కాలు అక్కర్లేదు. పిడులు, మూతులు, పువ్వుల నగిషీలు దిద్దడానికి చేతులు చాలు. ఏ మట్టిలో ఏది కలిపితే ఏ రంగు వస్తుంది, ఏ పూత ఏ మంటకు కరుగుతుంది అని చూడటానికి కళ్లూ, ఓపికా ఉంటే చాలు. మిగతా కుర్రాళ్లు వందల కొద్దీ కుండలు లేపుతుంటే, ఇతడు ఒక్కో మట్టి ముద్ద స్వభావం తెలుసుకుంటూ కూర్చున్నాడు.

ఇంగ్లండు రాజకీయ నాయకుడు గ్లాడ్‌స్టన్ 1863లో బర్స్‌లెమ్‌లో వెడ్జ్‌వుడ్ స్మారక భవనానికి శంకుస్థాపన చేస్తూ ఈ సంగతే ప్రస్తావించాడు. జబ్బు అతణ్ని మామూలు పనివాడు కానివ్వలేదనీ, తన విద్యలోని రహస్యాల మీదకు మనసు మళ్లేలా చేసిందనీ ఆయన మాటల సారాంశం. వినడానికి బాగానే ఉంది. కానీ మశూచి ఎవరికీ మేలు చేయదు. అదే జబ్బుతో చూపు పోయినవాళ్లూ, ప్రాణాలే పోయినవాళ్లూ ఎందరో. మిగిలిన దాంతో ఏం చేయవచ్చో చూసుకున్న తెలివి మాత్రం జోసయాదే.

ఆ తెలివి అన్నకు నచ్చలేదు. కొత్త రంగులు, కొత్త పూతలు అంటూ ఖర్చు పెంచే తమ్ముణ్ని వ్యాపారంలో భాగస్వామిగా చేర్చుకోవడానికి థామస్ ఒప్పుకోలేదు. జోసయా బయటికి వచ్చి, 1754లో ఆ ప్రాంతంలో పేరున్న కుమ్మరి థామస్ వీల్డన్‌తో చేతులు కలిపాడు. కనిపెట్టిన కిటుకులు తనవిగానే ఉంచుకునే స్వేచ్ఛ అక్కడ దొరికింది. 1759 ఫిబ్రవరిలో ప్రయోగాల పుస్తకం మొదలుపెట్టాడు. పాళ్లు ఎవరికీ తెలియకుండా సంకేతాల్లో రాసుకునేవాడు. మెరిసే ఆకుపచ్చ పూత అలా వచ్చిందే. అదే ఏడాది బర్స్‌లెమ్‌లో సొంత కార్ఖానా తెరిచాడు.

దెబ్బ తెచ్చిన స్నేహం

1762లో జోసయా గుర్రం మీద లివర్‌పూల్ వెళ్తుండగా ఆ మోకాలికే దెబ్బ తగిలింది. ఊరుకాని ఊళ్లో మంచం పట్టాడు. చూడవచ్చిన వైద్యుడు మాథ్యూ టర్నర్, పొద్దుపోవడానికి తోడుగా ఉంటాడని తన స్నేహితుణ్ని పరిచయం చేశాడు. అతడే థామస్ బెంట్లీ. వ్యాపారి, బాగా చదువుకున్నవాడు, దేశాలు తిరిగినవాడు. పదో ఏట రాకుండానే బడి మానేసిన కుమ్మరీ, ఫ్రెంచి, ఇటాలియన్ తెలిసిన వర్తకుడూ ఆ మంచం పక్కన ప్రాణస్నేహితులయ్యారు. ఆ తర్వాత జోసయా బెంట్లీకి రాసిన వందలాది ఉత్తరాలే ఇవాళ ఆయన జీవితాన్ని మనకు చెబుతున్నాయి.

1764లో దూరపు బంధువుల అమ్మాయి సారాతో పెళ్లయింది. ఆమె తండ్రి ధనికుడైన జున్ను వ్యాపారి. కట్నకానుకల బేరం కాస్త గట్టిగానే జరిగిందట! సారా మాత్రం భర్త సంకేతాల లిపి నేర్చుకుంది. ప్రయోగాల లెక్కలు రాసిపెట్టింది. కొత్త పాత్ర పట్టుకోవడానికి వీలుగా ఉందా, మూత సరిగా కూర్చుంటోందా అన్నది ముందు ఆమె చూసి చెప్పాల్సిందే.

ఆ రోజుల్లో మామూలు ఇళ్లలో ముతక మట్టి పాత్రలు ఉండేవి. గొప్పవాళ్ల ఇళ్లలో చైనా పింగాణీ ఉండేది. మధ్యతరగతికి అందే ధరలో, తేలిగ్గా, నునుపుగా, మీగడ రంగులో ఉండే పాత్రలు చేయాలని జోసయా పట్టుబట్టాడు. ఆ రకం పాత్రలు అప్పటికే ఉన్నా, రంగు ఒక్కలా వచ్చేది కాదు. ఆయన దాన్ని సరిచేశాడు. 1765లో రాణి షార్లెట్ నుంచి టీ సెట్టుకు కబురొచ్చింది. బంగారు రంగు మీద ఆకుపచ్చ కావాలన్నారు. కష్టమైన పని అని ఎవరూ ముట్టుకోలేదు. జోసయా చేసి పంపాడు. ఆ తర్వాత రాణిగారి అనుమతితో ఆ మీగడ రంగు సరుకుకు 'క్వీన్స్ వేర్' అని పేరు పెట్టుకున్నాడు. అంతే, రాణిగారి కంచం ప్రతి ఇంటికీ కావాల్సి వచ్చింది.

ఈ పాత్రలన్నీ అప్పటిదాకా గుంతల దారుల్లో గుర్రాల మీద వెళ్లేవి. దారిలో పగిలిపోయేవి పగిలిపోగా మిగిలినవే అమ్మకానికి. అందుకే ట్రెంట్, మెర్సీ నదులను కలిపే కాలువ కోసం జోసయా ఊరూరా తిరిగి మద్దతు కూడగట్టాడు. 1766లో ఆ కాలువకు మొదటి మట్టి పెళ్ల తవ్వింది ఆయనే. కాలువ వచ్చే దారిలోనే స్థలం కొని పెద్ద కార్ఖానా కట్టడం మొదలుపెట్టాడు. ప్రాచీన ఇటలీ కళాకారుల గడ్డ పేరు మీద దానికి 'ఎట్రూరియా' అని పేరు పెట్టాడు.

కళ్లారా చూశాడు

ఆ తిరుగుడంతా కాలు మీద పడింది. 1768 వసంతానికి మోకాలు భరించలేనంతగా బాధపెట్టసాగింది. మంచం మీద పడి ఉంటే కొత్త కార్ఖానా ఎవరు చూడాలి? మిగిలింది ఒక్కటే దారి. కాలు తీసేయించుకోవాలని నిర్ణయించుకున్నాడు.

అదేమంత చిన్న నిర్ణయం కాదు. ఈథర్ ఇచ్చి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయడం వైద్యలోకానికి తెలిసింది 1846లో. పుండులో చీము పట్టకుండా మందులు వాడటం జోసెఫ్ లిస్టర్ నేర్పింది 1867లో. 1768లో ఉన్నవల్లా కాస్త నల్లమందు ద్రావకం, రంపం, శస్త్రవైద్యుడి చేతి వేగం. ఆపరేషన్‌కు బతికినవాళ్లు కూడా తర్వాత పుండు చెడి పోయేవారు. జోసయా కుర్చీలో కూర్చున్నాడు. కళ్లకు అడ్డం పెట్టనివ్వలేదనీ, జరిగేదంతా చూస్తూ కూర్చున్నాడనీ చెబుతారు.

ఆ ఏడాది ఆ ఇంటిని కష్టం ఒక్క వైపు నుంచే రాలేదు. పసికొడుకు రిచర్డ్ కూడా 1768లోనే కన్నుమూశాడు. భర్త పుండుకు కట్లు కట్టడంలోనూ, వ్యాపారం ఉత్తరాలు చూడటంలోనూ సారా నలిగిపోయింది. బెంట్లీ వచ్చి తోడున్నాడు. కొన్ని వారాలకే జోసయా కలం పట్టి ఉత్తరాలు మొదలుపెట్టాడు. మొదట ఒక మామూలు కొయ్యకాలు. తర్వాత లండన్‌లో చిత్రకారుల కోసం కీళ్లు కదిలే కొయ్యబొమ్మలు చేసే పనివాడి చేత మంచి కాలు చేయించుకున్నాడు.

కాలు పోయిన రోజును తలచుకుని కుమిలిపోలేదు. ఆ తేదీకి 'సెయింట్ ఆంప్యుటేషన్ డే' అని, అంటే 'కాలుకోత పండగ' అని నవ్వుతూ పేరు పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఇంట్లోవాళ్లూ, పనివాళ్లూ కలిసి ఆ పండగ చేసుకున్నారు.

స్నేహితుడు చక్రం తిప్పితే...

1769 జూన్ 13. ఎట్రూరియా కార్ఖానా ప్రారంభమైన రోజు. పనివాళ్లంతా చుట్టూ చేరారు. జోసయా వచ్చి సారె ముందు కూర్చున్నాడు. చిన్ననాడు కాలు సహకరించక వదిలేసిన సారె అది. ఇప్పుడు ఆ కాలే లేదు. బెంట్లీ వెళ్లి చక్రం తిప్పే పిడి పట్టుకున్నాడు. దేశాలు తిరిగిన వర్తకుడు చేతులతో చక్రం తిప్పుతుంటే, కొయ్యకాలి కుమ్మరి నల్లటి మట్టితో ఆరు కలశాలు లేపాడు.

వాటిని లండన్ పంపి, ప్రాచీన గ్రీకు కలశాల తీరులో ఎర్రటి బొమ్మలు వేయించారు. ఎట్రూరియా కళలు తిరిగి పుట్టాయన్న లాటిన్ మాటలు, తయారైన తేదీ, బెంట్లీ, వెడ్జ్‌వుడ్ పేర్లు రాయించారు. అమ్మకానికి కాదు, దాచుకోవడానికి!

ఆ రోజుకి జోసయా వయసు 38. చక్రం మరొకరు తిప్పినంత మాత్రాన కుండ మరొకరిది అయిపోదు. కిటుకులు దాచుకునే స్వేచ్ఛ ఇచ్చిన వీల్డన్, లెక్కలు రాసిన సారా, పిడి తిప్పిన బెంట్లీ... తన కాలు చేయలేని పనికి ఇతరుల చేయి అడగడానికి ఆయన నామోషీ పడలేదు. ఆ ఆరు కలశాల కథ మనకు చెప్పేది ఇదే.

కప్ప కంచాలు, మట్టి థర్మామీటరు

ఆ తర్వాత అంతా పరుగే. పనిని ముక్కలుగా విడగొట్టి ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పగించాడు. వేళకు రావడానికి గంట కొట్టించాడు. మంచి యజమానే గానీ మెత్తటి యజమాని కాదు. వంకరగా ఉన్న పాత్ర కనిపిస్తే, ఇది వెడ్జ్‌వుడ్‌కు పనికిరాదంటూ కొయ్యకాలితోనే పగలగొట్టేవాడని ఓ కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, టకటకమనే ఆ కాలి చప్పుడు వినగానే కార్ఖానా సర్దుకునేదంటే నమ్మవచ్చు.

1770 ప్రాంతంలో మరో భయం పట్టుకుంది. కళ్ల ముందు మచ్చలు కదలసాగాయి. చూపు పోతుందేమోనని కంగారుపడ్డాడు. అదృష్టవశాత్తూ అది నిజం కాలేదు.

1774లో రష్యా మహారాణి కేథరిన్ కోసం 952 పాత్రల విందు సెట్టు పూర్తిచేశాడు. వాటి మీద బ్రిటన్‌లోని కోటలు, తోటలు, వంతెనలు... పన్నెండు వందలకు పైగా దృశ్యాలు చేత్తో వేయించాడు. ప్రతి పాత్ర మీదా చిన్న ఆకుపచ్చ కప్ప! మహారాణి కొత్త భవనం కడుతున్న చోటికి కప్పల బురదనేల అన్న అర్థం వచ్చే పేరు ఉండటమే అందుకు కారణం. ఆ సెట్టులో చాలా భాగాన్ని రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో భద్రపరిచారు.

జాస్పర్ అన్నది ఆయన కనిపెట్టిన వాటిలో తలమానికం. లేత నీలం మట్టి మీద తెల్లటి బొమ్మలు అద్దినట్టుండే పాత్రలు అవే. పూత లేకుండానే, మట్టిలోనే రంగు ఉండాలి. రెండు మట్టులూ బట్టీలో ఒకేలా కుదించుకోవాలి. లేదంటే బొమ్మ పగుళ్లు తీస్తుంది. వేలకొద్దీ మట్టి ముక్కలు కాల్చి, ప్రతిదానికీ నంబరు వేసి చూస్తేగానీ అది సాధ్యపడలేదు. నంబర్లతో ఉన్న ఆ చిన్న ముక్కలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి.

బట్టీలో వేడి ఎంతుందో చెప్పే సాధనం అప్పట్లో లేదు. మంట రంగు చూసి పనివాడు అంచనా కట్టాల్సిందే. మామూలు థర్మామీటరు ఆ వేడికి నిలవదు. వేడి పెరిగేకొద్దీ మట్టి కుదించుకుపోతుందన్నది కుమ్మరులందరికీ తెలిసిన విషయమే. జోసయా దాన్నే కొలబద్ద చేశాడు. ఒకే కొలతలో చేసిన చిన్న మట్టి ముక్కలను బట్టీలో పెట్టి, తీశాక ఎంత కుదించుకున్నాయో సన్నబడుతూ పోయే గాడిలో జరిపి చూసేవాడు. 1782లో ఈ సంగతి రాయల్ సొసైటీకి వివరించాడు. మరుసటి ఏడాది వాళ్లు ఆయన్ని సభ్యుడిగా తీసుకున్నారు. బడి మానేసిన కుమ్మరి దేశంలోని గొప్ప శాస్త్రవేత్తల పక్కన కూర్చున్నాడు.

సంకెళ్ల బొమ్మ

1787లో బానిసల వ్యాపారాన్ని ఆపాలంటూ లండన్‌లో ఓ సంఘం ఏర్పడింది. జోసయా అందులో చేరాడు. ఉపన్యాసాలు ఇవ్వడం కాకుండా తనకు తెలిసిన పనితోనే సాయం చేశాడు. మోకాళ్ల మీద కూర్చుని, సంకెళ్లు వేసిన చేతులు జోడించిన ఆఫ్రికా మనిషి రూపాన్ని చిన్న జాస్పర్ బిళ్ల మీద దించాడు. తెల్లటి మట్టి మీద నల్లటి బొమ్మ. చుట్టూ ఒకే ప్రశ్న: 'నేను మనిషిని కానా? నీ సోదరుణ్ని కానా?'

బిళ్లను మలిచింది ఆయన దగ్గర పనిచేసే కళాకారుడు విలియం హాక్‌వుడ్. ఆ బిళ్లలను అమ్ముకోలేదు, పంచిపెట్టాడు. ఆడవాళ్లు గాజుల్లో, తలపిన్నుల్లో పొదిగించుకున్నారు. మగవాళ్లు పొడుం డబ్బీల మీద వేయించుకున్నారు. 1788లో కొన్ని బిళ్లలు అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ దాకా వెళ్లాయి. ఆయన కప్పుల్లో జనం తాగే టీలోని చక్కెర చాలావరకు బానిసలు పండించిన చెరకుదే. అలాంటి రోజుల్లో తన వ్యాపారం మెచ్చే పెద్దల ముందే ఆ ప్రశ్న పెట్టాడు. బానిసల వ్యాపారాన్ని బ్రిటన్ 1807లో నిషేధించింది. అది చూడటానికి జోసయా లేడు.

మిగిలిన కలశాలు

బెంట్లీ 1780లోనే పోయాడు. జోసయా పని ఆపలేదు. పోర్ట్‌లాండ్ కలశంగా పేరొందిన ప్రాచీన రోమన్ గాజు పాత్రను జాస్పర్ మట్టిలో అచ్చుగుద్దినట్టు తీసుకురావడానికి ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, 1790లో జనానికి చూపించాడు. 1795 జనవరి 3న, 64వ ఏట ఎట్రూరియాలోని సొంత ఇంట్లో కన్నుమూశాడు. ఆ మర్నాటి ఏడాదే కూతురు సుసానాకు పాత స్నేహితుడు ఎరాస్మస్ డార్విన్ కొడుకుతో పెళ్లయింది. వాళ్ల కొడుకే జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్!

ఆయన స్థాపించిన కంపెనీ ఒడుదొడుకులెన్నో చూసింది. 2009లో దాని మాతృసంస్థ దివాలా అంచుకు చేరింది. అప్పుల కింద వెడ్జ్‌వుడ్ మ్యూజియంలోని వస్తువులన్నీ వేలానికి వెళ్లే ప్రమాదం వచ్చింది. 2014లో విరాళాల పిలుపు ఇస్తే సంస్థలతోపాటు సామాన్యులూ స్పందించారు. మొత్తం 1.57 కోట్ల పౌండ్లకు పైగా సమకూరి ఆ సంపద చెదిరిపోకుండా నిలిచింది.

కార్ఖానా మొదటిరోజు చేసిన ఆరు కలశాల్లో ఇప్పుడు లోకానికి తెలిసినవి నాలుగు. వాటిలో ఒకటి విదేశాలకు తరలిపోబోతుంటే, ఆయన సొంత ప్రాంతమైన స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని మ్యూజియం 4,82,500 పౌండ్లు కూడగట్టి 2017లో దక్కించుకుంది. ఒంటికాలితో సారె ముందు కూర్చున్న కుమ్మరీ, పక్కన నిలబడి చక్రం తిప్పిన స్నేహితుడూ చేసిన కలశం... తిరిగి సొంతూరికే చేరింది.